ముందు అయస్కాంతం, తర్వాతే బ్రష్షు: శిక్షణ బాంబులను గుర్తుపట్టడం, బాగుచేయడం

పదేళ్ల కిందట ఒక చిన్న బాంబును వెనిగర్‌లో వేసి పాడుచేశాను. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకి ముందుగా ఆ సంగతే చెప్పాలి.

అది రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా శిక్షణ బాంబు. ఎనిమిదింపావు అంగుళాల పొడవు, చేతిలో ఇమిడే సైజు. అమ్మినాయన "మార్క్ 23, పోత ఇనుము" అన్నాడు, నమ్మేశాను. పైన మట్టిరంగు పొర కనిపిస్తే తుప్పే అనుకున్నాను. రాత్రి బకెట్లో వెనిగర్ పోసి, అందులో వేసి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే పైనంతా నురుగు. బయటికి తీస్తే ఒళ్లంతా అమ్మవారు పోసిన మచ్చల్లాంటి గుంటలు. పోతలో వచ్చిన అక్షరాలు చేత్తో తడిమినా తెలియనంతగా కరిగిపోయాయి. అది ఇనుము కాదు, జింకు మిశ్రమంతో పోసిన మార్క్ 5. అయస్కాంతం ఒక్కసారి ఆనించి ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. డెబ్భై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న వస్తువు నా చేతిలో ఒక్క రాత్రి నిలవలేదు. అప్పటినుంచి గ్యారేజీలో పనిబల్ల పక్కన మేకుకి ఒక అయస్కాంతం దారంతో కట్టి ఉంచాను. ఏ వస్తువు వచ్చినా ముందు దానికే చూపిస్తాను.

నేను విశాఖ వన్‌టౌన్‌లో పుట్టి పెరిగాను. ఉద్యోగం టెక్సస్‌లోని మిడ్‌ల్యాండ్‌లో, చమురు బావులకి వాడే పంపుల మీద. ఇక్కడికి వచ్చిన రెండో ఏడు తెలిసింది, నేను ఇండియాకి విమానం ఎక్కే ఎయిర్‌పోర్టు 1942లో విమానంలోంచి గురిచూసి బాంబులు వదిలే బాంబార్డియర్లను తయారుచేసే సైనిక స్కూలని. మిడ్‌ల్యాండ్, బిగ్ స్ప్రింగ్, శాన్ ఏంజెలో, ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో అవే స్కూళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఏటీ-11 అనే రెండింజన్ల బీచ్‌క్రాఫ్ట్ విమానమెక్కి, నార్డెన్ గురిపెట్టె మీద కన్ను ఆనించి, కింద ఎడారి నేల మీద గీసిన వలయాల్లోకి ఇసుక బాంబులు వదిలేవాళ్లు. వలయాల నడుమ చెక్కతో కట్టిన గుడిసె ఉండేది. సరిగ్గా దాని మీద పడితే "షాక్" (shack, గుడిసె) అనేవాళ్లు, అంటే గుడిసెకే తగిలిందని.

మా తాతయ్యది వేరే కథ. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఆయన హార్బర్‌లో కూలిపని చేస్తున్నాడు. ఆ రాత్రే మా వాళ్లు మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలి నడిచి వెళ్లిపోయారు. ఆ దాడిలో పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు తాతయ్య చెయ్యి పట్టుకుని వెళ్లి చూశాను. ఆయన దాని దగ్గరికి వెళ్లలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నాకు ఈ వస్తువుల మీద ఆసక్తి ఎందుకని ఎవరైనా అడిగితే ఈ రెండు ఊళ్ల పేర్లే చెప్తాను.

"ప్రాక్టీస్" అంటే "ఖాళీ" అని కాదు

శుభ్రం చేయడం, రంగులు, మైనం అన్నీ తర్వాత. ముందు ఇది బుర్రలోకి ఎక్కాలి. శిక్షణ బాంబులో పెద్ద పేలుడు మందు ఉండదు, నిజమే. కానీ అది పడిన చోటు విమానంలోంచి కనపడాలి, ఫొటోలో రావాలి. దానికోసం పొగ లేపే మందు పెట్టేవాళ్లు. దాన్ని స్పాటింగ్ చార్జ్ అంటారు. ఎం38ఏ2 అనే 100 పౌండ్ల పెద్ద శిక్షణ బాంబు తోకలో పెట్టే ఎం1ఏ1 చార్జ్ ఒక రేకు డబ్బా. అందులో దాదాపు మూడు పౌండ్ల తుపాకిమందు, దాన్ని అంటించడానికి గుండు లేని, మందు మాత్రమే ఉన్న 28 గేజ్ షాట్‌గన్ తూటా. మూడు పౌండ్లంటే కిలో మీద మూడొందల అరవై గ్రాములు. మనిషిని చంపడానికి అది చాలు. చిన్న మార్క్ 23 లోపల 10 గేజ్ తూటా లాంటి సిగ్నల్ ఉంటుంది, అందులో ఎర్ర భాస్వరం. ఎనభై ఏళ్ల తర్వాత ఆ మందు ఏ స్థితిలో ఉందో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

1943 జులై 5 రాత్రి ఓక్లహోమాలో బాయిజ్ సిటీ అనే చిన్న ఊరి మీద ఒక బీ-17 బాంబర్ విమానం ఆరు శిక్షణ బాంబులు వేసింది. టెక్సస్‌లో డాల్‌హార్ట్ స్థావరం నుంచి బయల్దేరిన ఆ విమానం కాన్లెన్ దగ్గరి రేంజ్‌కి, అంటే బాంబులు వేసి నేర్చుకునే మైదానానికి, వెళ్లాలి. దారి తప్పి, కోర్టుహౌస్ చుట్టూ వెలుగుతున్న దీపాలనే గురి అనుకుంది. ఒక గ్యారేజీ దెబ్బతింది, చర్చి పక్కన గొయ్యి పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడివాళ్లు ఆ కథ సరదాగా చెప్పుకుంటారు. నేను మాత్రం దాన్ని చార్జ్ పనిచేసిందనడానికి రుజువుగా చెప్తాను. ఇసుకతో నింపినవైనా అవి నేలని గోతులు చేశాయి.

అందుకని నేను తప్పని నియమాలు కొన్ని ఉన్నాయి. నేలలో దొరికినదాన్ని ముట్టుకోను. పాత రేంజ్‌ల్లో, ప్రభుత్వ భూముల్లో ఏరుకోవడం చట్టవిరుద్ధం కూడా. కంట పడితే ఇక్కడి సైన్యం నేర్పే మూడు మాటలే పాటించాలి: గుర్తించు, వెనక్కి తగ్గు, కబురు చెయ్యి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి అమెరికాలో అయితే 911కి, ఇండియాలో అయితే 112కి ఫోన్ చేయాలి. మన దేశంలోనూ ఫైరింగ్ రేంజ్‌ల దగ్గర తుక్కు ఏరుకునేవాళ్లు పేలుళ్లలో పోయారన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇక రెండోది. లోపల మందు ఉందేమో అన్న అనుమానం ఉన్నదాన్ని ఖాళీ చేయడం ఇలాంటివి సేకరించేవాళ్ల పని కాదు. ఎలా తీస్తారని నన్ను అడిగేవాళ్లకి నేను జవాబు చెప్పను. అది బాంబు స్క్వాడ్ పని. మూడోది, ఖాళీదని తేలిన తర్వాత కూడా మంట పెట్టడం, వెల్డింగ్, గ్రైండర్, డ్రిల్లు నా గ్యారేజీలో నిషేధం. చేత్తో చేయలేని పని నాకు అక్కర్లేదు.

మూడేళ్ల కిందట ఒక పెద్దాయన పోయాక ఆయన ఇంట్లో సామాను అమ్ముతుంటే వెళ్లాను. బల్ల మీద గరిటెలు, చెంచాల పక్కన ఒక మార్క్ 23 నిలబెట్టి ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే బరువులాగ. నడుముకి రబ్బరు బ్యాండుతో ధర చీటీ కట్టారు. వంగి చూశాను. ఖాళీదైతే ముక్కు చివర కనపడాల్సిన కన్నం లేదు, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను తల అక్కడే ఉంది. దాన్ని పట్టి ఉంచడానికి అడ్డంగా గుచ్చిన కాటర్ పిన్ను తుప్పుతో అతుక్కుపోయి ఉంది. నాకు చెమటలు పట్టాయి. అమ్మే ఆవిడకి మెల్లగా చెప్పాను, "ఇది వాడనిది అయుండొచ్చు, లోపల సిగ్నల్ ఉండొచ్చు, అందరం బయటికి వెళ్దాం" అని. ఆవిడకి కోపం వచ్చింది, అమ్మకం చెడగొడుతున్నానని. అయినా ఫోన్ చేశాను. వచ్చినవాళ్లు దాన్ని పెట్టెలో పెట్టి తీసుకెళ్లారు. ఆ బల్ల చుట్టూ అప్పటిదాకా ఇద్దరు చిన్నపిల్లలు తిరుగుతున్నారు. ఇప్పటికీ ఆ దృశ్యం గుర్తొస్తే టెన్షన్ వస్తుంది.

చిన్నవి: మార్క్ 5, మార్క్ 23, మార్క్ 43

మొదలుపెట్టేవాళ్లకి ఇవే మంచివి. చవక, బల్ల మీద పడతాయి, దొరుకుతాయి. మూడింటి రూపం ఒకటే: కన్నీటిబొట్టు ఒళ్లు, వెనక నాలుగు రెక్కలు, రెక్కల చుట్టూ ఒక పట్టీ. పేరు ముందు ఏఎన్ అని ఉంటే ఆర్మీ, నేవీ రెండూ వాడే రకమని అర్థం. తేడా అంతా లోహంలో ఉంది. వంటింటి తూకం, అయస్కాంతం ఉంటే చాలు.

అయస్కాంతం గట్టిగా అంటుకుని, తూకం 3 పౌండ్లు అంటే కిలో 360 గ్రాముల దరిదాపుల్లో ఉంటే పోత ఇనుము, మార్క్ 23. అయస్కాంతం అంటుకోకుండా, 2 పౌండ్ల 11 ఔన్సులు అంటే కిలో 220 గ్రాములు తూగితే జింకు మిశ్రమం, మార్క్ 5. అంటుకోదు కానీ చేతిలోకి తీసుకోగానే మణికట్టు కిందికి లాగేసి, 4 పౌండ్ల 7 ఔన్సులు అంటే రెండు కిలోలు తూగితే సీసం, మార్క్ 43. సీసాన్ని గోటితో గీరినా గీత పడుతుంది, తెల్ల కాగితం మీద రాస్తే పెన్సిల్ గీతలా వస్తుంది. గీరాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మార్క్ 43 జోలికి వెళ్లొద్దనే చెప్తాను.

తూకం అచ్చంగా సరిపోకపోవచ్చు. తుప్పు తిన్నది కొంచెం తగ్గుతుంది, పిన్నులు లేనిది ఇంకొంచెం తగ్గుతుంది. కానీ బరువు బాగా ఎక్కువ వచ్చిందంటే లోపల ఏదో ఉన్నట్టు.

అసలు పరీక్ష కన్నం దగ్గర. ఈ మూడింటికీ ముక్కు నుంచి తోక దాకా నిలువునా ఒక సొరంగం ఉంటుంది. ముక్కు వైపు సిగ్నల్ తూటా కూర్చునేది. నేలని తాకగానే పొగ ఆ సొరంగం గుండా వెనక్కి చిమ్మేది. కాబట్టి ఖాళీ బాంబును వెలుగుకి ఎత్తి పట్టుకుంటే ఈ చివర నుంచి ఆ చివరకి వెలుతురు గుండ్రంగా కనపడాలి. కొనేముందు అమ్మేవాళ్లని ఇదే ఫొటో అడగండి: వెనక టార్చి పెట్టి, ముందునుంచి తీసింది. "ఖాళీదేనండీ, మా నాన్నగారు చెప్పారు" అనే మాటకి విలువ లేదు. ఫొటోలో వెలుతురు కనపడాలి.

కొన్నిటిలో సొరంగం మట్టితో బిగుసుకుపోయి ఉంటుంది. అవి నేలలోంచి తీసినవి. ఆ మట్టి వెనక కాలిపోయిన ఇత్తడి గొట్టం ఉందో, కాలని సిగ్నల్ ఉందో తెలియదు. పుల్లతో పొడిచి చూద్దామనిపిస్తుంది. వద్దు. అలాంటిది ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. వెలుతురు కనపడకపోతే నిండుగా ఉన్నట్టే లెక్క.

పెద్దది: ఎం38ఏ2

మిడ్‌ల్యాండ్ కుర్రాళ్లు రోజూ వదిలింది ఇదే, విమానానికి పది చొప్పున. పల్చటి రేకుని చుట్టి గొట్టం చేసి, ముక్కు గుండ్రంగా వత్తి, తోక వైపు సన్నగా లాగి, చివర చదరపు పెట్టె లాంటి రెక్కలు అతికించినది. ఎనిమిది అంగుళాల వ్యాసం, నలభై ఏడున్నర అంగుళాల పొడవు. ఖాళీగా పదిహేను పౌండ్ల పైచిలుకు. ఇసుక పోస్తే 100 పౌండ్లు అవుతుంది. నేల మీద పడ్డది నలిగి, చీలి, అప్పడంలా అయిపోతుంది. కాబట్టి సొట్టలు లేకుండా నిలబడి ఉన్న ఎం38ఏ2 కనిపిస్తే అది ఎప్పుడూ వదలనిది అయుండొచ్చు. యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా అమ్మిన వాటిలోది కావొచ్చు. లేదా వదిలినదాన్ని ఎవరో సుత్తితో సాపు చేసి ఉండొచ్చు. నిలువు అతుకు వెంట వేలు జరిపి చూడండి. సాపు చేసినదైతే అలలు తెలుస్తాయి.

వదలనిది అంటే ఇంకో అర్థం కూడా ఉంది. చార్జ్ ఇంకా తోకలోనే ఉండొచ్చు. పెట్టె రెక్కల మధ్య వెనక నుంచి చూస్తే ఒక గుండ్రటి తొడుగు కనపడుతుంది. అది ఖాళీగా, లోపలి రేకు కనపడేలా ఉండాలి. అందులో డబ్బా అడుగు లాంటిది ఏదైనా కనపడితే వెనక్కి తగ్గడమే.

దీని అన్నదమ్ముల్లో ఎం85 ఒకటి, కాంక్రీటు ఒళ్లుతో. రేకు దొరకని రోజుల్లో అలా పోశారు. పగుళ్లు ఉంటే అలాగే ఉంచండి, సిమెంటు పూయకండి.

ఇక యుద్ధకాలం నాటిదని చెప్పి అంటగట్టేవి. అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది బీడీయూ-33. ఇరవై ఐదు పౌండ్ల బరువు, లావు ముక్కు, వెనక సన్నటి గొట్టానికి రెక్కలు. యుద్ధం అయిపోయాక వచ్చిన రకం, ఆధునిక జెట్ విమానాల శిక్షణకి వాడేది. దానిలోనూ అదే రకం పొగ సిగ్నల్ ఉంటుంది, దానివల్లా మనుషులు గాయపడ్డారు. "వరల్డ్ వార్ టూ" అని చీటీ కట్టి అమ్ముతుంటారు. కొలతలు పట్టుకుని వెళ్తే మోసపోరు. యుద్ధకాలపు అమెరికా సైనిక మాన్యువల్ టీఎం 9-1980లో విమాన బాంబుల బొమ్మలు, కొలతలు ఉన్నాయి. స్కాన్ చేసిన ప్రతి దొరుకుతుంది. నేను ఆ పేజీలు అచ్చు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల పైన గోడకి అంటించాను.

రంగు గురించి ఒక మాట. అమెరికా పద్ధతిలో నీలం అంటే శిక్షణ. నేల మీద ఎక్కించడం, దించడం నేర్పే డ్రిల్ బాంబులు ఆ రోజుల్లో నలుపు. అసలు పేలుడు బాంబులు మొదట్లో పూర్తిగా పసుపు, తర్వాత ఆలివ్ రంగు మీద పసుపు పట్టీలు. ఇది తెలిసి ఉండాలి కానీ దీన్ని నమ్మి ధైర్యం తెచ్చుకోకూడదు. నీలం డబ్బా ఎవరైనా కొనొచ్చు, దేనికైనా పూయొచ్చు. పైపొర గీకుతున్నప్పుడు కింద పసుపు కనిపిస్తే చేతిలో పని అక్కడే ఆపేయాలి.

శుభ్రం చేయడం

ఖాళీదని తేలింది, ఏ లోహమో తెలిసింది. ఇప్పుడు ఫొటోలు తీయండి, అన్ని వైపులా, పక్కన స్కేలు పెట్టి. తర్వాత వారం రోజులు ఏమీ చేయకండి. నిజంగానే చెప్తున్నాను. రోజూ వేర్వేరు వెలుతురులో చూస్తుంటే మొదటి రోజు కనపడనివి కనపడతాయి: రెక్క సందులో మిగిలిన నీలం, పోతలో అక్షరం అంచు, పట్టీ మీద తనిఖీదారు గుద్దిన ముద్ర.

ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. హార్డ్‌వేర్ షాపులో దొరికే టెస్ట్ పుల్లతో చూసుకోండి. ఉన్నా లేకపోయినా పొడిగా ఉప్పుకాగితం వేయకండి. తడిపి రుద్దండి, పీ100 మాస్కు పెట్టుకోండి, తుడిచిన గుడ్డలు కవర్లో కట్టి విడిగా పారేయండి. ఆ బట్టలతో వంటింట్లోకి వెళ్లకండి.

పోత ఇనుపదానికి, అంటే మార్క్ 23కి, రంగు ఏమీ మిగలకపోతే ఎలక్ట్రాలిసిస్ బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్, గ్యాలన్ నీళ్లకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. నెగటివ్ తీగ బాంబుకి, పాజిటివ్ తీగ మామూలు ఇనుప కడ్డీకి. రెండూ తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడొద్దు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. ఉప్పు కలపొద్దు, క్లోరిన్ వస్తుంది. ఈ పనిలో హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర నిప్పు ఉండకూడదు. చెయ్యి పెట్టే ముందు చార్జర్ ప్లగ్గు తీసేయండి. ఆరేడు గంటలకి తుప్పు నల్లటి బురదలా మెత్తబడుతుంది, పళ్ల బ్రష్షుతో వస్తుంది. మా పశ్చిమ టెక్సస్ మట్టిలో ఉప్పు ఎక్కువ. అందుకని తీశాక మూడు రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తాను. లేకపోతే మైనం కిందనుంచే మళ్లీ తుప్పు పొడుచుకొస్తుంది.

తర్వాత గబగబా ఆరబెట్టాలి. తడి ఇనుము పది నిమిషాల్లో నారింజ రంగు తిరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎండలో పెట్టి, సొరంగంలో గుడ్డ దూర్చి లాగుతాను. మిడ్‌ల్యాండ్ ఎండకి అరగంట చాలు. విశాఖ గాలిలో అయితే ఇంట్లోనే, ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టాలి.

జింకుకి, సీసానికి ఇవేవీ వద్దు. వెనిగర్ వద్దు, నిమ్మరసం వద్దు, చాకలి సోడా వద్దు, కరెంటు వద్దు. మెత్తటి బ్రష్షు, డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క గిన్నెల సబ్బు, అంతే. బూడిదరంగు పొర దానికి రక్ష. అది ఉంటే ఉండనివ్వండి.

ఎం38ఏ2 బకెట్లో పట్టదు కాబట్టి పద్ధతి వేరు. నాది ఇలాంటివి సేకరించే ఒకాయన దగ్గర కాగితాలతో సహా కొన్నాను. అంతకుముందు చాలా ఏళ్లు ఒక పశువుల రాంచ్ గేటు పక్కన అలంకారంగా నిలబడి ఉందట. ఎవరో వెండిరంగు దట్టంగా పూశారు. లోపల రెండు గుప్పెళ్ల పాత ఇసుక మిగిలి ఉంది. ఆ ఇసుక తేమని పట్టుకుని లోపలినుంచి రేకుని తినేసింది. ముందు ఆ ఇసుక దులిపేశాను. ఒక చిన్న సీసాలో కొంచెం దాచుకున్నాను కూడా.

వెండిరంగు తీయడానికి రెండు నెలలు పట్టింది. కమలాపండు నూనెతో చేసే రంగు తీసే జెల్ ఉంటుంది. రూపాయి బిళ్లంత చోట పూసి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, గడియారం చూస్తూ కూర్చున్నాను. పదిహేను నిమిషాలకి వెండిరంగు ముడతలు పడింది, కింది పొర కదల్లేదు. ఇరవై ఐదు నిమిషాలు ఉంచితే కింది పొర కూడా మెత్తబడింది. అంటే నాకున్న సమయం ఆ పది నిమిషాల తేడా. ప్లాస్టిక్ రేకుతో, పాల మీద మీగడ తీసినట్టు, అరచెయ్యంత చొప్పున తీస్తూ వెళ్లాను. తొమ్మిదో రోజు నీలం మీద ఒక తెల్ల గీత కనపడింది. దాని పక్కన ఇంకొకటి. దూదిపుల్లతో గంటసేపు తుడిస్తే అది "ఎం" అని తేలింది, ఆ తర్వాత "38". స్టెన్సిల్ పెట్టి కొట్టిన తెల్ల అక్షరాలు, "8" నడుమ రేకు అడ్డం వచ్చిన ఖాళీ కూడా స్పష్టంగా ఉంది. మా ఆవిడని పిలిచి చూపించాను. ఆ అక్షరాలు కొట్టిన మనిషి చెయ్యి కొంచెం వణికినట్టుంది, "3" కింద రంగు కారి గట్టిపడింది. ఆ కారిన చుక్కని నేను ఈ రోజుకీ ముట్టుకోలేదు.

వంగిన పెట్టె రెక్కలని చెక్కదిమ్మ ఒకవైపు పెట్టి, రెండోవైపు చెక్కసుత్తితో చిన్నగా తట్టి సరిచేశాను. ఇనుప సుత్తి వాడితే రేకు సాగి పొంగుతుంది. తుప్పు చిల్లులు మూడున్నాయి. లప్పం పెట్టలేదు. అంచులకి మాత్రం టానిక్ యాసిడ్ ద్రావణం బ్రష్షుతో అద్దాను. తుప్పు నల్లబడి గట్టిపడుతుంది.

మళ్లీ రంగు వేయాలా?

చాలామంది అడిగేది ఇదే. అసలు రంగు నాలుగోవంతు మిగిలినా కొత్తది వేయకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం. కొత్త రంగు వేస్తే బాగుంటుంది, నిజమే. కానీ అలాంటిది పదిమంది గ్యారేజీల్లో ఉంటుంది. కుర్రాడు వదిలిన నాటి రంగు ఉన్నది ఒక్కటే ఉంటుంది. రంగు పూర్తిగా పోయిన మార్క్ 23ని బోడి ఇనుముగానే మైనం పూసి ఉంచుతాను. తప్పదనుకుంటే, ఎసిటోన్‌తో తేలిగ్గా వదిలే పొర ముందు వేసి, దాని మీద నీలం వేయండి. రేపు ఎవరైనా తీసేయగలగాలి. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ రంగుల పట్టికలో 35109 నంబరు నీలం ఈ రోజుల శిక్షణ బాంబులది. యుద్ధకాలం నాటి నీలం బ్యాచ్‌ని బట్టి మారేది. నాకు దొరికిన ముక్కల్లో ఆకాశనీలం నుంచి ఇంకు నీలం దాకా ఉన్నాయి. కాబట్టి మీ బాంబు రెక్క సందులో మిగిలినదాన్నే చూసి కలపండి. వేసిన తేదీ, వాడిన రంగు పేరు రాసి పెట్టండి, లేకపోతే రేపు కొనేవాళ్లని మోసం చేసినట్టే.

ఇంట్లో ఉంచడం, ఊళ్లు తిప్పడం

ప్రతి వస్తువుకీ ఒక చీటీ కట్టండి: రకం, లోహం, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది, ఖాళీ అని ఎవరు ఎలా తేల్చారు. సొరంగంలోంచి వెలుతురు కనపడే ఫొటో, కొన్న రసీదు ఒక ఫైల్లో పెట్టి, ఫైలు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి చెప్పండి. మనం పోయిన తర్వాత మన సామాను కూడా ఎవరో ఒకరు బల్ల మీద పెట్టి అమ్ముతారు. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు మొదటిరోజే అన్నీ చూపించి, వెలుతురు ఆవిడ కళ్లతోనే చూడమన్నాను. తర్వాత ఆవిడే చుట్టాలకి చూపించింది. పక్కింటివాళ్లకి కూడా చెప్పాను. గ్యారేజీ తలుపు తెరిచి ఉన్నప్పుడు దారినపోయేవాళ్లు చూసి పోలీసులకి ఫోన్ చేస్తే తప్పు వాళ్లది కాదు.

విమానంలో తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. అమెరికా విమానాశ్రయాల్లో ఖాళీదైనా, నమూనా అయినా క్యాబిన్ బ్యాగులోకీ, చెక్-ఇన్ సూట్‌కేసులోకీ రానివ్వరు. ఎక్స్-రేలో ఆ రూపం కనపడితే టెర్మినల్ మొత్తం ఖాళీ చేయించినా చేయిస్తారు. ఇండియాలో తమ్ముడికి చూపించాలనుకుంటే వీడియో కాల్ చేయండి. మా తమ్ముడికి నేను అలాగే చూపించాను. కారులో తీసుకెళ్తే దుప్పటిలో చుట్టి, పైన "ఇనర్ట్" (పేలుడు మందు లేనిది) అని పెద్ద అక్షరాల చీటీ పెట్టి, కాగితాల కాపీ డాష్‌బోర్డులో ఉంచుకుంటాను.

చివరి పని మైనం. మ్యూజియాల్లో వాడే మైక్రోక్రిస్టలిన్ మైనం, మెత్తటి నూలుగుడ్డతో చాలా పల్చగా, ఇరవై నిమిషాలు ఆగి, రెండో గుడ్డతో మెరుపు వచ్చేదాకా. సొరంగం లోపల కూడా కర్రకి గుడ్డ చుట్టి పూయండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. ఏటా సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అన్నిటినీ కిందికి దించి, చీటీలు సరిచూసి, మళ్లీ ఒక పూత వేస్తాను. గుంటలు పడ్డ మార్క్ 5కి కూడా. అది మొదటి అరలో, అయస్కాంతం పక్కనే ఉంటుంది.